పైకి నిగనిగ, లోపల మూత: పాత ఓమ్ని బ్రేక్ హోస్‌లు, పదకొండేండ్ల వాడకం

పాత మారుతి ఓమ్ని వ్యానుకు బ్రేక్ హోస్ (చక్రాలకు బ్రేక్ ఆయిల్ తీసుకుపోయే, వంగే పైపు) ఏది వేయించాలి అంటే జవాబు చిన్నదే. కంపెనీ రబ్బరు హోస్, తయారీ తేదీ చూసి, అన్నీ ఒకేసారి, ఆరేండ్లకొకసారి. చిక్కంతా ఆ ఆరేండ్ల దగ్గరే వస్తుంది. "పగుళ్ళు లేవు కదన్నా, ఇంగా రెండేండ్లు వస్తాదిలే" అని మెకానిక్ అంటాడు, మనకూ వినడానికి బాగుంటుంది. ఈ పదకొండేండ్లలో పైన పగిలిన హోస్‌తో పడిన తంటా తక్కువ. పైన నున్నగా ఉండి లోపల మూసుకుపోయిన హోస్‌తోనే ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో పెద్ద భాగం దానికే పోతుంది.

వాడకం ఎలాంటిదో ముందు చెప్తే మీ బండికి ఎంతవరకు పనికొస్తుందో మీరే తేల్చుకోవచ్చు. రెండు ఓమ్నిలు, రెండింటికీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, కాలి బలం పెంచే బూస్టరు ఉంది. ఒకటి అనంతపురం, తాడిపత్రి మధ్య నాపరాళ్ళ దుమ్ములో తిరుగుతుంది. రెండోది చీనీకాయలు, టమోటా బాక్సుల లోడు మోస్తుంది, కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగుతుంది. వీటి మీద మూడు రకాల హోస్‌లు వాడి చూసినాం: కంపెనీ రబ్బరు, మార్కెట్‌లో దొరికే చౌక రబ్బరు, స్టీలు అల్లిక ఉన్నవి.

ఓమ్నిలో క్లచ్చు కేబుల్‌తో నడుస్తుంది కాబట్టి ఆయిల్ ఒత్తిడి మోసే రబ్బరు పైపు బ్రేకుల్లో మాత్రమే ఉంటుంది. ముందు చక్రానికొకటి, వెనక బాడీ నుంచి ఇరుసు మీదికి దిగేది ఇంకొకటి. మీ బండి కింద ఒకసారి పడుకుని లెక్కపెట్టుకోండి, ముందరి ఓనరు ఏం మార్పించినాడో ఎవరికి తెలుసు. వెనక ఇరుసు కట్టల (స్ప్రింగు పట్టీల) మీద పైకీ కిందికీ ఊగుతుంది, ముందు చక్రాలు పక్కలకు తిరుగుతాయి. ఆ కదలికకు స్టీలు పైపు నాలుగు రోజుల్లో తెగుతుంది, అందుకే ఆ జానెడు జాగాలో రబ్బరు.

లోపలి రంధ్రం 3.2 ఎంఎం దగ్గరుంటుంది, అగ్గిపుల్ల కంటే కొంచెం లావు, అంతే. ఆ రంధ్రం చుట్టూ ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు గొట్టం, దాని మీద రెండు పొరల దారపు అల్లిక, పైన మళ్ళీ రబ్బరు తొడుగు. ఒత్తిడిని ఆపేది ఆ దారం. ఆయిల్‌ను లోపల ఉంచేది లోపలి గొట్టం. పైన కనపడే తొడుగు దారానికి ఎండ, నీళ్ళు తగలకుండా కాపాడే చొక్కా లాంటిది. మనం చూసేది చొక్కానే. గట్టిగా బ్రేకు తొక్కితే ఈ పైపులో 70, 80 బార్ల ఒత్తిడి వస్తుంది, టైరులో గాలికి ముప్పై రెట్ల పైమాటే. అయినా మంచి కొత్త హోస్ ఆ ఒత్తిడికి పగలదు. అమెరికా ప్రమాణంలో ఈ సైజు హోస్ 4000 పీఎస్ఐ (దాదాపు 275 బార్లు) దగ్గర రెండు నిమిషాలు నిలబడాలి, 7000 పీఎస్ఐ లోపల పగలకూడదు. మన దేశంలో హైడ్రాలిక్ బ్రేక్ హోస్‌లకు ఐఎస్ 7079 అనే ప్రమాణం ఉంది. కాబట్టి ఒత్తిడికి భయపడాల్సిన పని లేదు. హోస్‌ను చంపేవి వేరే.

మన దిక్కు మొదటిది ఎండ. నలభై దాటిన ఎండలో రోడ్డు వేడి, పక్కనే డిస్కు వేడి. రబ్బరు మెత్తదనం పోయి గట్టిపడుతుంది. రెండోది నల్లరేగడి. వానకు బురద చక్రం గూట్లో చేరి హోస్‌నూ బ్రాకెట్‌నూ కలిపి అంటుకుపోతుంది, మరుసటి రోజు ఎండకు సిమెంటు ముద్దలా బిగుస్తుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా హోస్ వంగాల్సిన చోట వంగకుండా ఆ ముద్ద అంచు దగ్గరే విరుగుతుంది. మూడోది కంప. సర్కారు తుమ్మ కొమ్మ వెనక ఇరుసులో చిక్కుకుంటే అది హోస్‌ను పక్కకు లాగిపెట్టి మైళ్ళ కొద్దీ రాస్తుంది. చేను దారుల్లో తిరిగే బండికి వారానికొకసారి కింద చూసి కంప పీకేయడం నిజమైన మెయింటెనెన్స్.

అన్నిటికంటే చెడ్డది మాత్రం మనం డబ్బులిచ్చి చేయించుకునేది: డీజిల్ కొట్టించడం. వాటర్ సర్వీసింగ్ అయిపోయినాక చాసిస్ మెరవాలని గన్నుతో డీజిలో, కాలిన ఇంజన్ ఆయిలో కలిపి కొడతారు. కట్టలకు మంచిదే, తుప్పు పట్టదు. ఈపీడీఎం రబ్బరుకు అది విషం. ఈ రబ్బరు బ్రేక్ ఆయిల్‌ను తట్టుకునేలా చేసింది, పెట్రోలియం నూనెలను తాగి ఉబ్బి మెత్తబడుతుంది. రెండు మూడుసార్లు కొట్టించిన బండి హోస్‌ను బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి నల్లగా, జిగటగా మసి అంటితే రబ్బరు నూనె తాగింది. పొడిగా, బూడిద రంగు పొడి రాలితే మామూలు వయసు. సర్వీసింగ్ పిల్లోడికి ముందే చెప్పండి: షాంపూ నీళ్ళు చాలు, డీజిల్ వెనక కట్టలకు బ్రష్‌తో మాత్రమే. పొరపాటున పడితే సబ్బు నీళ్ళతో అప్పుడే కడగాలి. ఇంజన్ ఆయిల్ లీకు హోస్ మీద కారుతుంటే ముందు లీకు ఆపండి, లేకపోతే కొత్త హోస్ వేసి లాభం లేదు.

ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు చాసిస్ మొత్తానికి నల్ల రంగు కొట్టించడం ఇంకో అలవాటు. రంగులో కలిపే థిన్నరు రబ్బరుకు మంచిది కాదు. దానికంటే పెద్ద నష్టం, పగుళ్ళు రంగు కింద దాక్కుంటాయి, హోస్ మీది గీత, తయారీ తేదీ చెరిగిపోతాయి. సెకండ్ హ్యాండు ఓమ్ని కొనేటప్పుడు హోస్‌ల మీద నల్ల రంగు కనపడితే వాటి వయసు తెలియదని లెక్క. మార్పించే ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.

ఇప్పుడు పరీక్ష. ఆర్నెల్లకొకసారి, వానాకాలం ముందూ తర్వాతా చేస్తే సరిపోతుంది. రెండు చక్రాలకు రాళ్ళు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు గానీ గట్టి చెక్క దిమ్మె గానీ పెట్టినాకే తల లోపల పెట్టండి. ఓమ్నితో వచ్చే జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు. హోస్‌ను తడి గుడ్డతో తుడిచి, టార్చి వేసి, చేత్తో మెల్లగా వంచాలి. నిటారుగా ఉన్నప్పుడు కనపడని పగుళ్ళు వంచినప్పుడు బయటి వైపు నోరు తెరుస్తాయి. వెంట్రుక సన్నం గీతలుంటే వయసు వచ్చింది, వచ్చే నెలలో మార్చండి. పగులులో తెల్లటి దారం కనపడితే బండి కదపొద్దు, అక్కడే మార్చండి. పగుళ్ళు ఎక్కువగా వచ్చేది ఇనుప మొనను రబ్బరు మీద నొక్కిన చోట, చివర అర అంగుళంలో. ఆ నొక్కు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి ఒక నిమిషం పట్టుకోండి. తడి మరక పడితే లీకు మొదలైంది, పెడల్‌లో ఇంకా తేడా తెలియకపోయినా సరే.

ముందు హోస్‌కు స్టీరింగు రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడాలి, చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఒకసారి, నేల మీద బరువు పడినప్పుడు ఒకసారి. టైరుకూ హోస్‌కూ మధ్య ఎప్పుడూ 20 ఎంఎం జాగా ఉండాలి. 145 ఆర్12 కంటే వెడల్పు టైర్లు వేసిన బండ్లలో ఇక్కడే రాపిడి వస్తుంది, హోస్ మీద ఒక వైపు నున్నగా మెరిసే మచ్చ కనపడుతుంది. హోస్ పొడుగునా ఉండే గీతో, అచ్చు అక్షరాల వరుసో నిటారుగా ఉండాలి. అది మెలి తిరిగి కనపడితే బిగించేటప్పుడు హోస్‌ను పిండినట్టు తిప్పేసినారు. అలాంటిది ఎంత కొత్తదైనా ఎక్కువ కాలం రాదు.

వెనక హోస్‌కు ఒక సంగతి ప్రత్యేకం. లోడు కోసం ఎక్స్‌ట్రా కట్ట వేయించి బండి ఎత్తు పెంచితే, బాడీకీ ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది, హోస్ పొడుగు మాత్రం అంతే ఉంటుంది. బాడీ కింద జాకీ పెట్టి లేపి, ఇరుసు కిందికి వేలాడేటప్పుడు చూడండి. హోస్ వీణ తీగలా బిగుసుకుంటే దాని ఆయుష్షు గుంతల లెక్కలో ఉంది.

ఉబ్బు పరీక్షకు ఇద్దరు కావాలి. ఇంజన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బూస్టరు పనిచేస్తుండగా ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టాలి. ఇంకొకరు హోస్‌ను వేళ్ళ మధ్య పట్టుకుని పై నుంచి కింది దాకా జరపాలి. మంచి హోస్ కొంచెం బిగుసుకున్నట్టు తెలుస్తుంది, అంతే. ఒకచోట వేళ్ళ కింద గోలీలా లేస్తే లోపలి గొట్టం చీలి ఆయిల్ దారం పొరలోకి వచ్చిందని అర్థం. ముఖం పక్కకు పెట్టుకోండి, కండ్లకు అద్దాలు ఉంటే మంచిది.

ఇవన్నీ పాసైన హోస్ కూడా చెడిపోయి ఉండవచ్చు. లోపలి గొట్టం వయసుకో, తప్పు ఆయిల్‌కో ఉబ్బి రంధ్రం సన్నబడుతుంది, లేదా ఒక చోట పొర ఊడి తలుపు రెక్కలా వేలాడుతుంది. పెడల్ తొక్కితే 70 బార్ల ఒత్తిడి ఆ రెక్కను తోసుకుని పోతుంది. వదిలితే తిరిగి తోసే బలం ఎక్కడుంది? డిస్కు బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగేది దాని రబ్బరు సీలు సాగి ముడుచుకునే కాస్త బలమే. అది ఆ రెక్కను తెరవలేదు. ఆయిల్ కాలిపర్‌లోనే (పిస్టన్, ప్యాడ్లు ఉండే గూడులోనే) ఉండిపోతుంది, ప్యాడ్ డిస్కును వదలదు.

లక్షణాలు వరుసగా ఇట్లా వస్తాయి. బ్రేకు కొట్టిన క్షణంలో బండి ఒక వైపు లాగుతుంది, వదిలినాక ఇంకో వైపు లాగుతుంది. ఎడమ హోస్ మూసుకుంటే తొక్కగానే ఎడమ చక్రం ఆలస్యంగా పట్టుకుంటుంది, అందుకే బండి కుడికి పోతుంది. వదిలినాక ఎడమ చక్రం పట్టేసే ఉంటుంది, అందుకే ఎడమకు పోతుంది. ఈ రెండు దిక్కుల లాగుడు కనపడితే అలైన్‌మెంటు షాపుకు పోకముందు హోస్ చూడండి. కాలిపర్ పిస్టన్ జామ్ అయినా, స్లయిడ్ పిన్నులు ఎండిపోయినా చక్రం పట్టేస్తుంది, కాబట్టి చాలామంది కాలిపర్ కిట్టు మార్పించి, అదీ కాదని కాలిపరే మార్పిస్తారు. చెడిన హోస్ అక్కడే ఉంటుంది, నెలకు మళ్ళీ అదే కథ.

తేల్చుకునే పద్ధతి ఉంది, చిన్న పనే. పది కిలోమీటర్లు తోలి వచ్చి రెండు ముందు రిమ్ముల మీద నట్ల దగ్గర నీళ్ళు చిలకరించండి. ఒక దాని మీద చుయ్ మని ఆవిరి లేచి, రెండోదాని మీద నీళ్ళు నిలబడితే పట్టేసే చక్రం దొరికింది. డిస్కు మీద పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది. ఆ చక్రాన్ని లేపి, పెడల్ రెండుసార్లు తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. తిరగకపోతే ముందు పైన, హోస్‌కు స్టీలు పైపు కలిసే చోట ఫ్లేర్ నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం వదిలేస్తే ఒత్తిడి పైనుంచే, పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర తప్పుంది. పెడల్‌కు కాస్త ఖాళీ కదలిక (ఫ్రీ ప్లే) లేకపోవడంతో, ఆయిల్ డబ్బాలోకి తిరిగి పోయే రంధ్రం మూసుకునే ఉంటే సాధారణంగా అన్ని చక్రాలూ పడతాయి. పైన వదులు చేసినా చక్రం వదలకపోతే దాన్ని బిగించి, కింద కాలిపర్ నిప్పల్ (గాలి తీసే చిన్న మర) తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం గబుక్కున వదిలితే, ఒత్తిడి ఆ రెండింటి మధ్య చిక్కుకుంది. మధ్యలో ఉన్నది హోస్ ఒక్కటే. నిప్పల్ తెరిచినా చక్రం వదలకపోతే అప్పుడు కాలిపర్ ఇప్పండి.

వెనక హోస్ మూసుకుంటే ఇంకా తికమక. రెండు డ్రమ్ములకూ ఆయిల్ ఒక్క హోస్ గుండానే పోయే బండిలో రెండూ కలిసి పట్టేస్తాయి, అందరూ హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌నే అనుమానిస్తారు. కేబుల్ అడ్జస్టు పూర్తిగా వదులు చేసి చూడండి. ఇంకా పడుతుంటే వెనక ఒక వైపు నిప్పల్ తెరవండి. రెండు చక్రాలూ ఒకేసారి వదిలితే కేబుల్ మీద కేసు కొట్టేయవచ్చు.

ఇది ఘాటులో ఎందుకు ప్రాణం మీదికి వస్తుందంటే, పట్టేసిన చక్రం ఎక్కేటప్పుడే వేడెక్కి ఉంటుంది. దిగేటప్పుడు ఆ వేడి కాలిపర్‌లోని ఆయిల్‌కు ఎక్కుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు, గాలిలోని తేమ పీల్చి పాతబడినాక ప్రమాణం హామీ ఇచ్చేది 140 డిగ్రీలే. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు దిగుతుంది, ఆవిరి నలుగుతుందే గానీ ప్యాడ్‌ను తోయదు. గువ్వలచెరువు వంపుల్లో సెకండ్ గేరులో దిగడం ఎంత ముఖ్యమో, పైకెక్కినాక ఒకసారి ఆపి రిమ్ముల వేడి చూసుకోవడం అంత ముఖ్యం.

తప్పు ఆయిల్ పడిందా అని తెలుసుకునే ఒక గుర్తు ఉంది. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి లోపలి రబ్బరు చూడండి. అది ఉబ్బి, అలలు తేలి, తిరిగి మూతలో కూర్చోకపోతే ఎవరో పవర్ స్టీరింగు ఆయిలో, ఇంజన్ ఆయిలో పోసినారు. అప్పుడు హోస్‌లు మాత్రం మారిస్తే చాలదు. మాస్టర్ సిలిండర్ వాషర్లు, కాలిపర్ సీళ్ళు, వీల్ సిలిండర్ కప్పులు అన్నీ పోయినట్టే.

మూడు రకాల మీద తీర్పు. కంపెనీ రబ్బరు హోస్‌కు పదికి తొమ్మిది. పొడుగు సరిగ్గా ఉంటుంది, బ్రాకెట్ క్లిప్పు టక్కున కూర్చుంటుంది, మా వాడకంలో ఆరేండ్లు ఏ ఫిర్యాదూ లేదు, ఏడో ఏడు దాటినాక లోపల సన్నబడటం కనపడింది. ఒక మార్కు తగ్గించింది షాపులో పాత స్టాకు వల్ల. రబ్బరు అట్టపెట్టెలో ఉన్నా వయసు పెరుగుతుంది. హోస్ మీద నెల, ఏడాది ముద్ర చూసి రెండేండ్లు దాటినది వద్దనండి. "సీల్డు ప్యాకే కదా సార్" అంటారు. ప్యాకు సీలు వేస్తే రబ్బరు వయసు ఆగదు.

చౌక రబ్బరుకు మూడు. రెండు ఎండకాలాలకే కట్టెలా గట్టిపడింది. కాలిపర్‌కు బోల్టుతో బిగించే గుండ్రటి చివర (బ్యాంజో కన్ను) ముఖం చదునుగా లేక రాగి వాషరు ఎంత బిగించినా చెమ్మ కారింది, ఇనుప మొన మీది పూత మొదటి వానాకాలానికే తుప్పు. ఒక జత సెంటీమీటరు పొట్టి. తేదీ లేదు, ప్రమాణం ముద్ర లేదు. ఇలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు.

స్టీలు అల్లిక హోస్‌కు ఐదు, అదే బైకు మీదైతే ఇంకా ఎక్కువ ఇచ్చేవాళ్ళం. పెడల్ కొంచెం బిగువుగా అనిపిస్తుంది, నిజమే. బూస్టరు, వెనక డ్రమ్ములు ఉన్న బరువు బండిలో ఆ తేడా నాలుగు రోజుల ముచ్చట. లోపలి గొట్టం టెఫ్లాన్, ఒక్కసారి మడత పడితే మళ్ళీ కోలుకోదు. దుమ్ము అల్లికలోకి దూరి ఇసుక కాగితంలా లోపలి నుంచే అరగదీస్తుంది, అల్లిక తగిలిన ప్రతి పైపునూ రంపంలా కోస్తుంది. పైగా వంచి చూస్తే పగుళ్ళు తెలిసే అవకాశమే లేదు. నాపరాళ్ళ దుమ్ములో తిరిగే వ్యానుకు ఇది వద్దు.

నాలుగో రకం కూడా ఒకటుంది, దానికి మార్కులు లేవు. ట్రాక్టరు, జేసీబీ హోస్‌లు నొక్కి ఇచ్చే షాపులో "సేమ్ సైజు కొట్టిస్తా" అంటారు. ఆ హోస్‌లు ఎంత ఒత్తిడినైనా మోస్తాయి, కానీ వాటి లోపల సాధారణంగా ఉండేది హైడ్రాలిక్ ఆయిల్‌కు సరిపోయే నైట్రైల్ రబ్బరు. బ్రేక్ ఆయిల్ తగిలితే అది ఉబ్బుతుంది. డీజిల్ ఈపీడీఎంకు చేసే పనే బ్రేక్ ఆయిల్ నైట్రైల్‌కు చేస్తుంది. ఎంత అత్యవసరమైనా వేయించొద్దు. స్టీలు పైపు బదులు ఫ్రిజ్ రాగి పైపు వేయడం కూడా ఇదే జాబితాలోకి వస్తుంది.

మార్చే పనికి కావలసినవి: హోస్‌లు, బ్యాంజో బోల్టుకు రెండేసి కొత్త రాగి వాషర్లు, కొత్త క్లిప్పులు, సీలు తీయని అర లీటరు బ్రేక్ ఆయిల్ డబ్బాలు రెండు, తెల్ల గొట్టం (చేపల తొట్టిది బాగా పనికొస్తుంది), ఒక ఖాళీ సీసా. అన్నీ కలిపినా ఒక కొత్త టైరు ధర దాటదు. స్పానర్లలో ఒక్కటి తప్పనిసరి: ఫ్లేర్ నట్టు స్పానర్, నట్టును ఐదు వైపులా పట్టుకునేది. పాత నట్టును మామూలు 10 నంబరు డీ స్పానర్‌తో తిప్పితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. తర్వాత స్టీలు పైపు కోయాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం నట్టు చుట్టూ వైరు బ్రష్ కొట్టి తుప్పు వదిలించే ఆయిల్ రెండు చుక్కలు వేసి, పొద్దున శుభ్రంగా తుడవండి. తిప్పేటప్పుడు హోస్ మొనను ఇంకో స్పానర్‌తో కదలకుండా పట్టుకోవాలి. కండ్లు నట్టు మీద కాదు, స్టీలు పైపు మీద పెట్టండి. నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతుంటే వెంటనే ఆపి, వెనక్కి పావు చుట్టు, ముందుకు పావు చుట్టు ఆడిస్తూ వదిలించాలి. మొండిగా తిప్పితే పైపు జంతికలా మెలి పడి చీలుతుంది. గ్యాసు మంట చూపించొద్దు, బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది.

పైపు ఊడగానే ఆయిల్ కారుతుంది. హోస్‌ను వైజ్ గ్రిప్ పట్టుకారుతో నొక్కి ఆపే అలవాటు చాలా చోట్ల ఉంది. పాత హోస్‌నే పారేస్తున్నాం కదా అని ఇప్పుడు నొక్కే చేయి, రేపు ప్యాడ్లు మార్చేటప్పుడు మంచి హోస్‌నూ నొక్కుతుంది. లోపల పొర ఊడేది అట్లానే. దానికి బదులు ముందే బ్యాటరీ టెర్మినల్ తీసి, పెడల్‌ను ఒక అంగుళం కిందికి కర్రతో నొక్కి పెట్టండి. మాస్టర్ సిలిండర్‌లో డబ్బా రంధ్రం మూసుకుని కారడం దాదాపు ఆగిపోతుంది. పైపు కొనకు నిప్పల్ మీది రబ్బరు టోపీ తొడగండి, దుమ్ము కూడా పోదు.

బిగించే వరుస ముఖ్యం. ముందు కాలిపర్ వైపు బ్యాంజో, రెండు వైపులా కొత్త వాషర్లతో, చేత్తో బిగువయ్యేదాకా. తర్వాత పై మొనను బ్రాకెట్‌లో పెట్టి గీత నిటారుగా ఉందా చూసి క్లిప్పు కొట్టాలి. స్టీలు పైపు నట్టును మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి, మర తప్పితే వేళ్ళకే తెలుస్తుంది, స్పానర్‌కు తెలియదు. ఒక చివర మర ఉన్న హోస్ అయితే ఆ మర వైపే ముందు బిగించాలి, లేకపోతే హోస్ మెలి తిరుగుతుంది. చివరి బిగువు ఫ్లేర్ నట్టుకు 15 నుంచి 17 న్యూటన్ మీటర్లు, బ్యాంజోకు 20 నుంచి 25 దగ్గర, మీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే వాడండి. టార్క్ రెంచి లేకపోతే లెక్క ఇది: జానెడు లోపు, 15 సెంటీమీటర్ల స్పానర్ చివర పదకొండు కిలోల బలం పెడితే 16 వస్తుంది. బ్యాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది, మోచేయి బలం పెడితే మెడ దగ్గర విరుగుతుంది. పని జరిగేటప్పుడు కాలిపర్‌ను హోస్‌కు వేలాడదీయొద్దు, తీగతో కట్టండి.

గాలి తీయడం మామూలే, దూరం చక్రం నుంచి దగ్గరికి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని వెనక ఇరుసులకు ఒక్క వైపే నిప్పల్ ఉంటుంది, వెతుక్కుని కంగారుపడొద్దు. గొట్టం కొన సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి, డబ్బాలో ఆయిల్ సగం కిందికి దిగకూడదు. పాత బండికి ఒక జాగ్రత్త: పెడల్‌ను నేల దాకా తొక్కొద్దు. మాస్టర్ సిలిండర్‌లో ఇన్నేండ్లూ పిస్టన్ పోని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, వాషరు అక్కడికి పోయి చీరుకుంటుంది. పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెడితే సరిపోతుంది. నల్ల ఆయిల్ పోయి లేత పసుపు వచ్చేదాకా తీయండి. రంగు మీద చుక్క పడితే నీళ్ళతో వెంటనే కడగండి, పెయింటు లేచిపోతుంది. మిగిలిన సగం డబ్బాను వచ్చే ఏడాదికి దాచొద్దు.

అంతా అయినాక ఇంజన్ ఆన్‌లో పెడల్‌ను గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టి ప్రతి జాయింటూ టిష్యూతో చూడండి. పెడల్ మెల్లగా దిగిపోతే లీకో, మాస్టర్ సిలిండరో. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో నాలుగైదు బ్రేకులు. వందో, నూటయాభయ్యో కిలోమీటర్లకు మళ్ళీ ఒకసారి కింద చూస్తే చాలు.

తీసిన పాత హోస్‌ను పారేసే ముందు బ్లేడుతో పొడుగునా చీల్చి చూడండి. రంధ్రం గుండ్రంగా ఉండి రబ్బరు గట్టిగా పగుళ్ళు బారితే ఎండ, వయసు. లోపలి గోడ మెత్తగా ఉబ్బి రంధ్రం సూది బెజ్జంలా అయితే తప్పు ఆయిల్, డబ్బా మూత రబ్బరు మళ్ళీ చూడండి. పై తొడుగు మాత్రమే జిగటగా ఉంటే డీజిల్. ఒక్కచోట అడ్డంగా నలిగిన గీత, దాని పక్కనే ఊడిన పొర కనపడితే ఎవరో వైజ్ గ్రిప్ పెట్టినారు, ఏ షాపులో పెట్టినారో మీకే గుర్తొస్తుంది. చీల్చిన హోస్‌ను ఎవరూ కడిగి రంగు కొట్టి మళ్ళీ అమ్మలేరు కూడా.